నాలుగు వేళ్ళ ఎత్తు

ద్వారబంధాలు చేసే వడ్రంగి కూతురిని ఆ వీధిలో ఎవరూ అసలు పేరుతో పిలవలేదు. మిడత అంటే చాలు, ఎవరి సంగతో అందరికీ తెలిసిపోయేది. ఆ పేరు పెట్టింది ఎదురింటి కుట్టుపని అక్క. ఒకరోజు ఆవిడ గుమ్మం ముందు కూర్చుని, చేతిమిషన్ నేల మీద పెట్టుకొని ఏదో కుడుతూ ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏమో, మిషన్‌నీ, దాని మీద ఉన్న గుడ్డనీ, గుడ్డ పట్టుకున్న చేతుల్నీ కలిపి ఒకే గంతులో దాటేసి పోయింది.

"ఇది పిల్లా, మిడతా! సూది వేల్లో దిగేది కదే!" అని అక్క గుండె పట్టుకొని అరిచింది.

పిల్ల ఆగి వెనక్కి తిరిగి చూసింది. "నీకు తగల్లేదుగా!" అంది.

ఆ పిల్ల తత్వమంతా ఆ ఒక్క జవాబులో ఉంది. తప్పో ఒప్పో పెద్దవాళ్ళు తేల్చుకోనీ. తగిలిందా లేదా, అదొక్కటే తను చూసుకునేది.

పదమూడేళ్ళు వచ్చేసరికి బడిలో పీటీ మాస్టారి కన్ను ఈ పిల్ల మీద పడింది. "వడ్రంగిగారూ, మీ అమ్మాయి కాళ్ళు మామూలు కాళ్ళు కావు. దీన్ని హర్డిల్స్ పందెంలో పెడతాను. వంద మీటర్ల దూరం, మధ్యలో పది అడ్డాలు, దాటుకుంటూ పరిగెత్తాలి. బడిలో అడ్డాలు కొనే స్తోమత లేదు. ఓ నాలుగు మీరే చేసిపెట్టండి" అని ఒక చీటీ మీద కొలతలు రాసి ఇచ్చాడు. ఎత్తు ఎనభై నాలుగు సెంటీమీటర్లు. పెద్ద పందేల్లో ఆడవాళ్ళ ఎత్తు అది. ఎలాగూ పెద్దయ్యాక దాటాల్సింది అదే కదా అని మాస్టారి ఆలోచన.

వడ్రంగి ఆ చీటీని చెవి వెనక పెన్సిల్‌తో పాటు దోపుకొని రెండు రోజులు వేరే పని ముట్టుకోలేదు. ముప్ఫై ఏళ్ళుగా ద్వారబంధాలు తప్ప వేరే పనిలో చెయ్యి తిరగని మనిషి. అందుకని కూతురికి కూడా ద్వారబంధాలే చేశాడు, కాకపోతే పొట్టివి. అడుగున గడపలాగా లావాటి దిమ్మ, దాని మీద రెండు నిలువు కమ్మీలు, పైన అడ్డకమ్మీ. మూలలు మేకులతో కాదు, కొయ్యకు కొయ్య తొలిచి బిగించాడు. అయ్యాక ఒక్కోదాన్నీ రెండు చేతులా పట్టుకొని ఊపి చూసి, "ఏనుగు గుద్దినా కదలదు" అన్నాడు మురిసిపోతూ.

కదలలేదు కూడా. అసలు హర్డిల్ అనేది తగిలితే ముందుకు పడిపోవాలి, దాటేవాళ్ళకు దెబ్బ తగలకుండా. ఆ ముచ్చట వడ్రంగికి ఎవరూ చెప్పలేదు. ఈయన చేసినవాటికి కాలు తగిలితే పడేది హర్డిల్ కాదు, పిల్ల.

పనిచోటు వెనక ఒక సందు ఉంది. హర్డిల్ పెడితే ఇరుపక్కలా మూరెడు జాగా మిగిలేంత వెడల్పు. సందు చివర గోడకు పాత పరుపు ఒకటి నిలబెట్టి తాడుతో కట్టారు, పరిగెత్తుకొచ్చి ఆగడానికి. రోజూ పొద్దున్నే సందులోని ఆడవాళ్ళు బిందెలూ బకెట్లూ లోపలికి లాక్కునేవారు. ధబ్, ధబ్, ధబ్, ధబ్, ఆ తరువాత పరుపు మీద ధమ్. ఎప్పుడైనా ధబ్బుకీ ధబ్బుకీ మధ్య ఒక కేక వినబడితే, తల్లి ఆసుపత్రి నుంచి తెచ్చిన గుడ్డ కట్లు పట్టుకొని బయటికి వచ్చేది. ఆవిడ ఆసుపత్రిలో ఆయా. "నాకు అక్కడ పని చాలక ఇంట్లో కూడా పెట్టావు" అని తిడుతూనే మోకాలికి కట్టు కట్టేది. పిల్ల కుంటుకుంటూ వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేది.

రెండేళ్ళు అలా గడిచాయి. పదిహేనో ఏట పెద్ద మైదానంలో పోటీకి తీసుకెళితే, మొదటి రెండు హర్డిళ్ళ దగ్గరే జనం నోళ్ళు తెరిచారు. అంత ఎత్తున, అంత అందంగా ఎవరూ దాటలేదు మరి. చివరికి చూస్తే ఎనిమిది మందిలో ఏడో స్థానం.

గీత దాటి వగరుస్తూ నిలబడ్డ పిల్ల దగ్గరికి ఒకావిడ వచ్చింది. మెడలో విజిల్, బొంగురు గొంతు. మైదానంలో పిల్లలకు నేర్పే కోచ్ మేడమ్.

"ఎవరు నేర్పారే నీకు?"

"నేనే నేర్చుకున్నా."

"తెలుస్తూనే ఉంది. నీకూ హర్డిల్‌కీ మధ్య మనిషి కూర్చుని టీ తాగొచ్చు, అంత ఖాళీ వదులుతున్నావు. గాల్లో ఉన్నంతసేపూ పరుగు ఆగినట్టే. మిగతావాళ్ళు నేల మీద పరిగెడుతుంటే నువ్వు పైన షికారు చేస్తున్నావు."

"తగల్లేదుగా" అంది పిల్ల.

కోచ్ మేడమ్ ఇల్లెక్కడో కనుక్కొని, మరుసటి రోజు టేపు పట్టుకొని సందులోకి వచ్చేసింది. వంగి నేల నుంచి అడ్డకమ్మీ దాకా కొలిచింది. రెండోది కొలిచింది. నాలుగూ కొలిచింది.

"వడ్రంగిగారూ, ఇవి తొంభై ఒకటిన్నర ఉన్నాయి."

"ఉండవమ్మా. ఎనభై నాలుగే. గడప మీద నుంచి చూడండి" అన్నాడు ఆయన ధీమాగా.

"గడప మీద నుంచి ఎందుకు చూడాలండీ?"

"ఎత్తంటే గడప మీద నుంచే కదమ్మా."

తలుపులు చేసేవాడికి ఎత్తంటే గడప పైఅంచు దగ్గరే మొదలవుతుంది. కింద దిమ్మ లెక్కలోకి రాదు, అది మనిషి తొక్కే చోటు. ఆయన ఆ దిమ్మ నాలుగు వేళ్ళ మందాన వేశాడు. ఆ నాలుగు వేళ్ళూ రెండేళ్ళుగా కూతురు మోయాల్సి వచ్చింది.

"మీ అమ్మాయి నేల మీద నుంచి దూకుతుందండీ, గడప మీద నుంచి కాదు" అంది కోచ్ మేడమ్, నవ్వు ఆపుకోలేక.

వడ్రంగి ముఖం పాలిపోయింది. చేసిన పనిలో వెంట్రుకవాసి తేడా ఉందని ఎవరైనా అంటే అన్నం సహించని మనిషి ఆయన. లోపలికి వెళ్ళి రంపం తెచ్చాడు. మొదటి హర్డిల్ మీద రంపం ఆనించేలోగా పిల్ల వచ్చి దాని మీద పాదం పెట్టి నిలబడింది.

"కాలు తియ్యి. తప్పు నాది."

"దాటింది నేను. రోజూ దాటాను. దాటింది తప్పెలా అవుతుంది నాన్నా?"

సరైన ఎత్తులో కొత్తవి నాలుగు, ఈసారి తగిలితే పడేవి, ఆయన వారంలో చేశాడు. పాతవాటిలో మూడింటిని కూతురు చూడకుండా విప్పేసి కొయ్యను ఎవరిదో తలుపుకి వాడేశాడు. నాలుగోదాన్ని మాత్రం కుట్టుపని అక్క, "ఇది నాకియ్యి బాబూ, కుట్టిన బట్టలు తగిలించుకుంటాను" అని లాక్కుపోయింది. అది ఆవిడ గుమ్మం పక్కన ఉండిపోయింది.

ఎత్తు నేర్చుకోవడానికి రెండేళ్ళు పడితే, ఆ ఎత్తు మరవడానికి మరో రెండేళ్ళు పట్టాయి. "కిందికి, కిందికి" అని కోచ్ మేడమ్ గొంతు పోయేలా అరిచేది. కమ్మీకి కాగితం అంటించి, "ఇది తొడకు రాసుకుంటూ పోవాలి, చిరగకూడదు" అనేది. పంతొమ్మిదో ఏట మిడత దేశం మొత్తం మీద మొదటి స్థానం తెచ్చుకుంది. ఆ మొదటి స్థానంలో ఏడేళ్ళు కాలు మడుచుకొని కూర్చుంది. పక్కదేశాలన్నీ కలిసిన పోటీలో మూడో బహుమతి. పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం. పతకాలన్నీ బిస్కెట్ డబ్బాలో పడేసి అటక మీద పెట్టింది. ఎవరైనా చూపించమంటే, "నిచ్చెన తెచ్చుకొని చూసుకోండి" అనేది.

ఆ పైన మడమ వెనక నరం తెగింది. ఆపరేషన్, పెళ్ళి, కాన్పు, ఒకదాని వెనక ఒకటి. పెళ్ళాడినవాడు బస్సుల డిపోలో మెకానిక్. నెమ్మదస్తుడు. ఇంకేముంది, అయిపోయింది, ఇక సంసారం చూసుకుంటుంది అని వీధిలో అందరూ తేల్చేశారు.

పాపకు ఐదో నెల వచ్చాక ఒక పొద్దున మిడత ఎదురింటికి వెళ్ళింది.

"అక్కా, నీ బట్టలు తీసుకో."

"ఎందుకే?"

"హర్డిల్ కావాలి."

"ఒళ్ళు ఇంకా పచ్చిగానే ఉంది. పాపకు పాలిచ్చావా?"

"ఇచ్చాను."

"అది నిద్రపోయిందా?"

"పోయింది."

"మీ ఆయనకు చెప్పావా?"

"అక్కా, బట్టలు తీస్తావా, వాటితోనే ఎత్తుకెళ్ళనా?"

మైదానంలోకి ఇప్పుడు ఆమెను రానిచ్చే వాళ్ళు లేరు. జట్టులో లేని మనిషికి గేటు తెరవరట. అందుకని మళ్ళీ అదే సందు, అదే పరుపు, గడప దిమ్మ ఉన్న అదే పాత హర్డిల్. మొదటిరోజు మోకాలు బలంగా తగిలింది. తండ్రి గర్వంగా బిగించిన హర్డిల్ రవ్వంతైనా కదల్లేదు. మిడత కిందపడి, లేచి, దుమ్ము దులుపుకొని నడిచి వెనక్కి వెళ్ళింది. మూడు నెలలు పట్టింది దాన్ని తగలకుండా దాటడానికి. కోచ్ మేడమ్ కష్టపడి మాన్పించిన పాత గంతు, పిలిస్తే పలికేంత దూరానికి వచ్చి కూర్చుంది.

రెండున్నరేళ్ళు తిరిగేసరికి చిన్నాచితకా పోటీల్లో గెలుస్తూ మళ్ళీ కాగితాల మీదికి ఎక్కింది. అప్పుడు పరుగు పందేల కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ప్రపంచ పోటీలకు జట్టును ఎంచుతున్నారు. ఈసారి చిన్నవాళ్ళకు అవకాశం ఇవ్వాలని కమిటీ భావిస్తోంది. ముప్ఫై ఒకటి నిండిన మీరు ఎంపిక రోజున ముఖ్య అతిథిగా వచ్చి పిల్లల్ని ఉద్దేశించి నాలుగు మాటలు మాట్లాడితే సంతోషిస్తాం.

మిడత ఆ ఉత్తరం వెనకే జవాబు రాసింది. 'నాలుగు మాటలెందుకు, నాకు పదమూడు సెకన్లు చాలు. నిబంధన ప్రకారం పోయిన ఏడాది నా టైము ఎంపికకు సరిపోతుంది. నా పేరు ఎక్కించండి.'

భర్త ఆ జవాబును రెండుసార్లు చదివాడు. "నేను వద్దనను. కానీ ఓడిపోతే ఇంట్లో ఎవరి మీద విరుచుకుపడతావో ముందే చెప్పు, ఆ రోజుకి ఓవర్ టైము వేయించుకుంటాను."

"ఓడిపోను."

"అయితే పాపను కూడా తీసుకొస్తాను" అన్నాడు.

నిబంధన నిబంధనే కాబట్టి పేరైతే ఎక్కించారు. కానీ తెచ్చి చిట్టచివరి ఎనిమిదో గీతలో పడేశారు. షరతు రెండు ముక్కలు: మొదటి ఇద్దరిలో ఉండాలి, టైము పదమూడు పాయింట్ నలభై దాటకూడదు. అది దాటితే మొదటి స్థానం వచ్చినా ఇంటికే.

ఎంపిక రోజు మధ్యాహ్నం మైదానం మెట్ల మీద తండ్రి, ఒళ్ళో మనవరాలు, పక్కన మెకానిక్ అల్లుడు, ఆ పక్కన కుట్టుపని అక్క. అక్కను ఎవరూ పిలవలేదు, బస్సు కదిలే ముందు తనే ఎక్కేసింది.

అప్పటికే మగవాళ్ళ నాలుగు వందల మీటర్ల హర్డిల్స్ అయ్యాయి. వాళ్ళ ఎత్తు వేరు, ఎక్కువ. పనివాళ్ళు అవే హర్డిళ్ళను మోసుకొచ్చి, పక్కనున్న మీట నొక్కి ఒక మెట్టు కిందికి దించి, ఆడవాళ్ళ పందేనికి పేర్చారు. ఎనిమిది గీతలు, గీతకు పది, మొత్తం ఎనభై. ఎండ మాడుస్తోంది, పై నుంచి త్వరగా త్వరగా అని మైకు.

తుపాకీ పేలింది. మిడత ఎనిమిది అడుగుల్లో మొదటి హర్డిల్ చేరింది. మధ్యలో మూడేసి అడుగులు, ఒక దాటు. మూడేసి అడుగులు, ఒక దాటు. ఐదో హర్డిల్ దగ్గర రెండో స్థానంలో ఉంది. ఆరోది. ఏడోదాని ముందు కాలు లేచాక తెలిసింది, ఏదో తేడా ఉందని. ఆలోచించడానికి వ్యవధి ఎక్కడిది? తల అనుకునేలోగా తొడ దానంతటదే పైకి లేచింది, సందులో లేచినట్టు, నాలుగు వేళ్ళు ఎక్కువగా. ముందు కాలు దాటింది. వెనక మోకాలు చర్మం గీసుకుంటూ వచ్చింది. తూలి, నిలదొక్కుకొని, మిగతా మూడూ దాటి గీత దగ్గర ఛాతీ వంచింది.

పంతొమ్మిదేళ్ళ కొత్త పిల్ల మొదటిది. మిడత రెండోది. బోర్డు మీద ఆమె టైము పదమూడు పాయింట్ నలభై ఆరు.

మెట్ల మీద అక్క, "రెండో స్థానమే కదా, మరి వాళ్ళ ముఖాలు అలా ఉన్నాయేంటి?" అని అందర్నీ అడుగుతోంది. మెకానిక్ బోర్డు చూసి తల దించుకున్నాడు.

మిడత బోర్డు వంక ఒక్కసారే చూసింది. మోకాలి మీద నెత్తురు చూసుకుంది. తరువాత వెనక్కి నడిచి, ఎనిమిదో గీతలో ఏడో హర్డిల్ దగ్గరికి వెళ్ళి అడ్డకమ్మీని రెండు చేతులా పట్టుకొని నిలబడింది.

పనివాళ్ళు ఇద్దరు హర్డిళ్ళు తీసేస్తూ అక్కడిదాకా వచ్చారు. "తప్పుకోమ్మా, మగవాళ్ళ పందెం ఉంది."

"దీన్ని ముట్టుకోకండి. ఇది ఎత్తుగా ఉంది. కొలిచాక తీసుకెళ్ళండి."

"ఇప్పుడు కొలవడాలేంటమ్మా?"

"మీ మీద కోపం లేదన్నా. ఎనభైలో డెబ్భై తొమ్మిది దించారు, ఒకటి మరిచారు. కానీ ముట్టుకుంటే మాత్రం ఊరుకోను."

మైకులో ఎనిమిదో గీత ఖాళీ చేయమన్నారు. రెండోసారి అన్నారు. రిఫరీ పరుగున వచ్చాడు. వెనకాలే కమిటీ పెద్దాయన, చేతిలో జట్టు జాబితా.

"ఎత్తుగా ఉందని నీకెలా తెలుసు?" అన్నాడు రిఫరీ.

"ఈ ఎత్తు మా ఇంట్లో ఉంది."

పెద్దాయన చుట్టూ ఉన్నవాళ్ళకు వినపడేలా నవ్వాడు. "ఓడిపోయినవాళ్ళకి ప్రతి హర్డిలూ ఎత్తుగానే కనిపిస్తుందమ్మా. గౌరవంగా పిలిస్తే గౌరవంగా వచ్చి వెళ్ళాల్సింది."

"కొలవండి సార్. ఒక్క సెంటీమీటరు తేడా లేకపోయినా ఇక్కడే బూట్లు విప్పి మీ చేతికిస్తాను. మళ్ళీ ఈ గేటు దాటను. ఉత్తరంలో మీరు అడిగిన ఆ నాలుగు మాటలూ, నేనే వెళ్ళి మైకులో చెబుతాను."

"కొలిచే కర్ర ఏది?" అని రిఫరీ అడిగితే, అది సామాన్ల గదిలో ఉందట. గది తాళం వేసి ఉందట. తాళంచెవి ఉన్నాయన భోజనానికి వెళ్ళాడట.

ఈలోగా మెట్ల దగ్గర గొడవ. అరవై ఐదేళ్ళ వడ్రంగి మనవరాలిని అల్లుడి ఒళ్ళో పడేసి కంచె ఎక్కుతున్నాడు. "పెద్దాయనా, దిగు!" అని కాపలావాడు చెయ్యి పట్టుకుంటే, కుట్టుపని అక్క వాడి చెయ్యి పట్టుకుంది. "వదులు నాయనా, ఆయన కొలతల మనిషి" అంది. కొలతల మనిషి అంటే ఏ అధికారో అనుకొని వాడు వదిలేశాడు.

వడ్రంగి వచ్చి నడుముకున్న టేపు తీశాడు. ఆయన నిద్రలో కూడా అది లేకుండా ఉండడు. మోకాళ్ళ మీద కూర్చుని, టేపు మొన హర్డిల్ అడుగుపట్టీ మీద ఆనించబోయి ఆగాడు. దాన్ని కిందికి జరిపి నేలకు ఆనించి, బొటనవేలితో గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. రెండో చేత్తో టేపు పైకి లాగాడు.

"తొంభై ఒకటీ, నాలుగు గీతలు" అన్నాడు. కూతురి వైపు చూసి, "ఈసారి నేల మీద నుంచే" అన్నాడు.

"బయటివాళ్ళ టేపు చెల్లదు" అన్నాడు కమిటీ పెద్దాయన.

"సరే, తాళంచెవి రానివ్వండి. నేనెక్కడికీ పోను" అని మిడత హర్డిల్‌ని వదలకుండా అక్కడే నేల మీద చతికిలబడింది.

మగవాళ్ళ పందెం ఆగింది. ఇరవై నిమిషాలు మైదానమంతా ఒక ఆడమనిషి వంకా, ఒక హర్డిల్ వంకా చూస్తూ కూర్చుంది. తాళంచెవి ఆయన మూతి తుడుచుకుంటూ వచ్చాడు. కర్ర వచ్చింది. రిఫరీ కొలిచాడు, పక్క గీతలో ఉన్నదాన్నీ కొలిచాడు, మళ్ళీ దీన్ని కొలిచాడు. కర్ర కూడా టేపు చెప్పిందే చెప్పింది.

రిఫరీ చెమట తుడుచుకున్నాడు. "దీన్ని దాటి కూడా నలభై ఆరు తెచ్చావా?" అన్నాడు మెల్లిగా. తరువాత గొంతు సవరించుకొని, "నిబంధన ప్రకారం ఒక్కదానివే మళ్ళీ పరిగెత్తొచ్చు. కానీ నలభై నిమిషాల్లో. అలిసిపోయి ఉన్నావు, మోకాలికి దెబ్బ. ఆలోచించుకో."

"ఆలోచించేదేముంది? పేర్చండి."

పేర్చారు. ఈసారి మిడత ముందుకు నడుస్తూ పదింటినీ చేత్తో తట్టి చూసుకుంది. వెనకాలే తండ్రి టేపుతో వంగి లేచి, వంగి లేచి, పదీ కొలిచాడు. ఆయన్ను ఆపాలని ఎవరికీ తోచలేదు. కోచ్ మేడమ్ ఎప్పుడు వచ్చిందో ఏమో, గీత పక్కన నిలబడి, పోయిన గొంతుతోనే, "కిందికి, మిడతా, కిందికి" అంటోంది.

పక్కన ఎవరూ లేరు. తరుముకొచ్చే అడుగుల చప్పుడు లేదు. ఖాళీ మైదానంలో ఒక్కతే పరిగెత్తడమంటే, ఎవరితో పోట్లాడాలో తెలియకుండా పోట్లాడడమే. మిడతకు మాత్రం ఆ ఇబ్బంది లేదు. పెద్దాయన గీత చివర, జాబితా పట్టుకొని, సరిగ్గా ఎదురుగా నిలబడ్డాడు.

తుపాకీ పేలింది. ఈసారి ఏడోదాని మీద నుంచి వెళ్ళినప్పుడు కమ్మీకీ ఆమె తొడకూ మధ్య కాగితం పట్టేంత సందే ఉంది. టీ తాగడానికి చోటెక్కడిది? పదోది దాటి, గీత మీద ఛాతీ పారేసి, ఆగలేక వెళ్ళి పెద్దాయన ముందు ఆగింది. ఇక్కడ పరుపు లేదు మరి.

బోర్డు మీద అంకెలు రావడానికి కాస్త సమయం పట్టింది. పదమూడు పాయింట్ ముప్ఫై ఏడు.

మెట్ల మీద పాప చప్పట్లు కొట్టింది, అందరూ కొడుతున్నారు కాబట్టి. అక్క పక్కవాళ్ళకు, ఆ పక్కవాళ్ళకు, ఆ హర్డిల్ కథంతా మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.

పెద్దాయన బోర్డు చూశాడు, గాలి కొలిచే యంత్రం వైపు చూశాడు. "గాలి కూడా కాస్త కలిసొచ్చినట్టుందే" అన్నాడు.

"గాలి ఎదురుగా ఉంది సార్. అనుమానంగా ఉంటే ఇంకోసారి పరిగెత్తుతాను, ఒళ్ళు వేడిగానే ఉంది" అంది మిడత.

ఆయన జాబితా మడత విప్పాడు. మెకానిక్ వచ్చి, పక్కన కూర్చుని, బూట్ల లేసులు విప్పబోయాడు. ఆమె కాలు వెనక్కి లాక్కుంది.

"ఉండు. పేరు రాయనీ."

పెద్దాయన జేబులో కలం కోసం వెతుక్కుంటున్నాడు. వడ్రంగి చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి ఆయన చేతిలో పెట్టాడు. జాబితాలో రెండో గీత మీద పేరు పూర్తిగా, చివరి అక్షరం దాకా పడింది. మిడత వంగి అది చదువుకున్నాక గానీ బూట్లు విప్పలేదు.